కౌన్సెలింగ్ సెంటర్‌ని అక్రిడిటేషన్‌కి సిద్ధం చేయడం: మొదటి ఫోన్ కాల్ నుంచి చివరి సెషన్ దాకా

ఈ మధ్య నెలకి ముగ్గురు నలుగురైనా ఇదే అడుగుతున్నారు: "మాది ఇద్దరు ముగ్గురు థెరపిస్టులున్న చిన్న సెంటర్. అక్రిడిటేషన్‌కి వెళ్దామనుకుంటున్నాం, ఏమేం ఫైళ్ళు తయారు చేసుకోవాలి?" అక్రిడిటేషన్ అంటే బయటి సంస్థ ఒకటి వచ్చి తనిఖీ చేసి, మీ సేవ ప్రమాణాల ప్రకారం ఉందని గుర్తింపు ఇవ్వడం. చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఫైళ్ళతో మొదలుపెట్టినవాళ్ళకి ఆరు నెలల్లో బీరువా నిండా పాలసీలు పోగవుతాయి, రిసెప్షన్‌లో అమ్మాయి మాత్రం క్లయింట్ పేరుని హాల్లో అందరికీ వినపడేలా పిలుస్తూనే ఉంటుంది.

కాబట్టి వరస తిరగేద్దాం. ముందు పని సరిచేయండి, మీరు నిజంగా చేసేదాన్ని రాయండి, తనిఖీకి పిలవడం ఆ తర్వాత. పార్ట్‌టైమ్‌గా ఒకరు బాధ్యత తీసుకుంటే ఎనిమిది తొమ్మిది నెలల పని అని నా అంచనా. మూడు నెలల్లో చేసిపెడతామనే కన్సల్టెంట్లు అమ్మేది ఫైళ్ళే.

1. ఏ అక్రిడిటేషనో ముందు తేల్చుకోండి

మన దేశంలో అందరూ మొదట తలచుకునేది ఎన్‌ఏబీహెచ్‌నే. ఆస్పత్రులకి, వైద్య సేవలకి అక్రిడిటేషన్ ఇవ్వడానికి క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేసే బోర్డు అది. మీది ఆస్పత్రిలో ఒక విభాగమైతే ఆస్పత్రి తనిఖీలో మీ విభాగమూ ఉంటుంది, వేరే దరఖాస్తు గొడవ లేదు. విడిగా నడిచే కౌన్సెలింగ్ సెంటరైతే, ఏ విభాగం కిందకి వస్తారో, అసలు అర్హత ఉందో లేదో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి.

బ్రిటన్‌లో ఒక్క సైకలాజికల్ థెరపీ సేవల కోసమే రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ నడిపే అక్రిడిటేషన్ ఉంది. దానికి మనం దరఖాస్తు చేయకపోయినా దాని పద్ధతి అరువు తెచ్చుకోవచ్చు: ముందు మనల్ని మనం చూసుకోవడం, తర్వాత ఇదే పని చేసే తోటివాళ్ళు వచ్చి చూడడం, చివర్లో ఒక కమిటీ తేల్చడం. నేను కింద చెప్పేది ఎక్కువగా ఆ దారే. ఎన్‌ఏబీహెచ్‌కి వెళ్ళినా ఈ పని వృథా పోదు.

ఏ అక్రిడిటేషన్‌కైనా ముందు ఇవి సరిగ్గా ఉండాలి:

□ క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు మీద రాసుకున్న ప్రతి ఒక్కరికీ ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని గడువు తేదీ మీ రిజిస్టర్‌లో ఉండాలి. ఎమ్మెస్సీ సైకాలజీ చేసినవాళ్ళు కౌన్సెలర్‌గా పనిచేయవచ్చుగానీ ఆ పేరు పెట్టుకోకూడదు.
□ మానసిక సమస్యలున్నవాళ్ళని చేర్చుకుని, ఉంచుకుని చూస్తుంటే, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. వచ్చి మాట్లాడి వెళ్ళిపోయే సెంటర్‌కి ఈ సెక్షన్ వర్తించదు. "రెండ్రోజులు ఇక్కడే ఉంచండి సార్" అని ఇంట్లోవాళ్ళు బతిమాలితే ఒప్పుకున్న రోజు నుంచీ లెక్క మారిపోతుంది.
□ ఫీజు ఎంత, ఎంతసేపు, రాకపోతే ఏమవుతుంది అన్నది తెలుగులో రాసి గోడకి పెట్టాలి.

2. మీ సెంటర్‌కి మీరే క్లయింట్‌గా వెళ్ళండి

ఇది ఒక్క రోజు పని. చాలామంది దాటేస్తారు కూడా. మీ సెంటర్‌కి తెలియని స్నేహితుణ్ణి ఎవర్నైనా ఫోన్ చేయమనండి. ఎన్ని రింగులకి ఎత్తారు, ఎత్తినవాళ్ళు "ఏం ప్రాబ్లమ్ అండీ?" అని మొదటి మాటలోనే అడిగారా, ఎన్ని రోజుల తర్వాత టైమ్ ఇచ్చారు, అన్నీ రాసుకోమనండి.

తర్వాత మీరు వెళ్ళి వెయిటింగ్ హాల్లో అరగంట కూర్చోండి. లోపల మాట్లాడేది బయటికి వినిపిస్తోందా? గోడలకి చెవులుంటాయంటారుగానీ మన దగ్గర ప్లైవుడ్ పార్టిషన్లకి నోళ్ళు కూడా ఉంటాయి. గది బయట ఒక ఫ్యానో, సన్నగా పాడే రేడియోనో పెడితే సగం సమస్య తీరుతుంది, దీనికోసం గోడ కట్టించక్కర్లేదు.

ఒక పెద్ద కాగితం మీద గీత గీసి దశలు రాయండి: ఫోన్, అపాయింట్‌మెంట్, మొదటి రాక, అంచనా, థెరపీ, మధ్యలో ఒకసారి సమీక్ష, ముగింపు. ఒక్కో దశ దగ్గర ఎవరు చేస్తున్నారు, ఎంతసేపు పడుతోంది, ఎక్కడ రాస్తున్నారు అని వేయండి. ఏదైనా గడి ఖాళీగా మిగిలితే సిగ్గుపడి నింపేయకండి, ఆ ఖాళీయే మీ పనుల జాబితా. చాలా సెంటర్లలో "ముగింపు" గడే ఖాళీగా ఉంటుంది. క్లయింట్ రావడం మానేస్తే అదే ముగింపు అనుకుంటున్నాం మరి.

3. ప్రమాణాలని మూడు కుప్పలు చేయండి

ప్రమాణాల పుస్తకం తెరిస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. బ్రిటన్ పద్ధతిలో ప్రతి ప్రమాణానికీ ఒక రకం అంటించి ఉంటుంది. మొదటి రకం తప్పితే క్లయింట్ భద్రతకో, హక్కులకో, గౌరవానికో దెబ్బ, లేదా చట్టం తప్పినట్టు. రెండోది మంచి సెంటర్‌లో ఎవరైనా ఆశించేది. మూడోది ఉంటే ఇంకా మంచిది. మొదటి రకం నూటికి నూరు శాతం ఉండాల్సిందే, మిగతా రెంటిలో కొంత తగ్గినా సర్దుకుంటారు.

మీరూ అలాగే విడదీయండి. మొదటి రకం ఎర్ర కుప్ప, మూడో రకం పచ్చ కుప్ప, రెండోది మధ్య కుప్ప. ఎర్ర కుప్ప పూర్తయ్యేదాకా పచ్చ కుప్ప ముట్టుకోవద్దు. వెయిటింగ్ హాల్లో కొత్త సోఫాలు, గోడల మీద కొటేషన్లు, వెబ్‌సైట్, ఇవన్నీ పచ్చ కుప్పే, మన సెంటర్లలో డబ్బులు ముందు వీటికే పోతాయి.

ఎర్ర కుప్పలో కచ్చితంగా ఉండాల్సినవి నాలుగు: అర్హతలు, గోప్యత, ప్రాణాపాయం వచ్చినప్పుడు ఏం చేయాలన్నది, ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలన్నది. ఫిర్యాదు సంగతిలో ఒక్క ప్రశ్న వేసుకోండి: ఫిర్యాదు సెంటర్ ఓనర్ మీదే అయితే ఎవరు వింటారు? బయటి మనిషి ఒకరి పేరు, నంబర్ లేకపోతే మీకు ఫిర్యాదు వ్యవస్థ లేనట్టే.

4. గోప్యత: మన ఇళ్ళలో ఇది వేరే లెక్క

సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవడంతో పని అయిపోదు. మన దగ్గర ఫీజు కట్టేది నాన్న, అపాయింట్‌మెంట్ తీసుకునేది అక్క, ఫోన్ ఇంటిల్లిపాదిదీ. సెషన్ అయిపోగానే బయట నిలబడి "మావాడు ఏం చెప్పాడండీ?" అని అడుగుతారు, తప్పుడు ఉద్దేశంతో కాదు, భయంతో. మీ థెరపిస్టు ఆ క్షణంలో తడబడితే పాలసీ ఎంత బాగా రాసుకున్నా అక్కరకి రాదు.

దీనికి ఒక వాక్యం అందరికీ నేర్పండి, రిసెప్షన్‌తో సహా. మేం వాడేది ఇది: "అమ్మా, లోపల మాట్లాడింది బాబు అనుమతి లేకుండా నేను చెప్పలేను, కానీ మీరు గమనిస్తున్నవి మీరు నాకు చెప్పవచ్చు, మనం ముగ్గురం కూర్చునే రోజు కూడా పెట్టుకుందాం." తలుపు మూసేయకుండా హద్దు చెప్పినట్టవుతుంది.

మొదటి సెషన్‌లో, ఏదైనా అడగకముందే చెప్పాల్సినవి:

□ ఏది గోప్యంగా ఉంటుంది, ఏది ఉండదు. ప్రాణానికి ముప్పు, ఇంకొకరికి హాని, కోర్టు ఆదేశం వస్తే చెప్పాల్సి వస్తుంది.
□ పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. ఇది ముందే చెప్పకుండా, బిడ్డ అంతా చెప్పుకున్నాక చెప్పడం నమ్మకద్రోహంలా తగులుతుంది.
□ ఏ నంబర్‌కి మెసేజ్ పెట్టవచ్చు, ఆ ఫోన్ ఇంకెవరు చూస్తారు.
□ రికార్డులో ఏం రాస్తారు, అది ఎక్కడ ఉంటుంది, తను చూడాలంటే ఎలా.

రిమైండర్ మెసేజ్‌లో సెంటర్ పేరు, "కౌన్సెలింగ్" అనే మాట ఉండకూడదు. "రేపు 4 గంటలకి మీ అపాయింట్‌మెంట్" అంటే చాలు. ఈ చిన్న మార్పు ఇవాళే చేయవచ్చు.

5. తొమ్మిదో ప్రశ్న దగ్గర మీ సెంటర్ ఏం చేస్తుంది?

ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను పనిచేసిన ఒకచోట మేం ఇక్కడే తప్పు చేశాం. డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఫారంలో చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనల గురించి. ఒకావిడ వెయిటింగ్ హాల్లో ఫారం నింపి, ఆ ప్రశ్నకి "దాదాపు ప్రతిరోజూ" అని టిక్కు పెట్టి ఇచ్చింది. రిసెప్షన్‌లో తీసుకుని ఫైల్లో పెట్టారు. ఆ రోజు థెరపిస్టు రాలేదు, అపాయింట్‌మెంట్ వచ్చే వారానికి మార్చి పంపించేశారు. ఎవరూ కాగితం చూడలేదు. రెండ్రోజుల తర్వాత వేరే పని మీద ఫైలు తీసినప్పుడు కనపడితే పరుగున ఫోన్ చేశాం. ఆవిడ క్షేమంగానే ఉంది, అది మా అదృష్టమేగానీ మా గొప్ప కాదు.

ఆ తర్వాత మేం పెట్టుకున్న నియమం: ఫారం తీసుకున్నవాళ్ళు ముందు తొమ్మిదో ప్రశ్న చూడాలి. జవాబు సున్నా, అంటే "అస్సలు లేదు" కాకపోతే ఆ మనిషి సెంటర్ గడప దాటకముందే అర్హత ఉన్న ఒకరు మాట్లాడాలి. అలాంటివాళ్ళు లేని రోజు ఫారమే ఇవ్వకూడదు.

మీ రిస్క్ విధానం ఒక్క పేజీలో, తెలుగులో, రిసెప్షన్ టేబుల్ గాజు కింద ఉండాలి:

□ ఎవరికి చెప్పాలి, ఆయన లేకపోతే ఎవరికి, ఆవిడా లేకపోతే ఎవరికి. మూడు పేర్లు, మూడు ఫోన్ నంబర్లు.
□ అడగాల్సిన మాటలు సూటిగా: ఆలోచన ఉందా, ఎలా అనేది అనుకున్నారా, దానికి కావాల్సింది ఇంట్లో ఉందా, ముందెప్పుడైనా ప్రయత్నించారా. పల్లెల నుంచి వచ్చేవాళ్ళ విషయంలో ఇంట్లో పురుగుమందు ఉందా అని తప్పక అడగాలి. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమో అనేది అపోహ.
□ ఇంట్లో ఎవరికి చెబితే సాయంగా ఉంటుందో క్లయింట్‌తోనే ఎంచుకోవడం. కొన్నిసార్లు ఇంట్లోవాళ్ళే సమస్య.
□ సైకియాట్రీ ఎమర్జెన్సీ ఉన్న దగ్గరి ఆస్పత్రి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల అందరికీ తెలిసినవే, మీ జిల్లా ప్రభుత్వాస్పత్రిలో సైకియాట్రిస్టు ఏయే రోజుల్లో ఉంటారో ఫోన్ చేసి కనుక్కుని రాయండి.
□ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416. రాత్రి పదకొండింటికి మీ సెంటర్ ఫోన్ ఎత్తదు, అది ఎత్తుతుంది.

పోలీసు కేసవుతుందని ఇంట్లోవాళ్ళు దాస్తారు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతుంది. ఈ ముక్క మీ సిబ్బంది అందరికీ నోటికి రావాలి.

ఆన్‌లైన్ సెషన్లు చేస్తుంటే ప్రతిసారీ మొదటి నిమిషంలో "ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగి రాసుకోండి. డాలస్‌లో ఉన్న మన పిల్లలకి 14416 ఎందుకూ పనికిరాదు, అక్కడ 988. పైగా అమెరికాలో లైసెన్స్ ఏ రాష్ట్రానికా రాష్ట్రం, క్లయింట్ కూర్చున్నచోటి చట్టం మీకు అడ్డురావచ్చు. తెలుగువాళ్ళే కదా అని చేసేస్తే సరిపోదు.

6. కొలవండి, కానీ నిజాయితీగా

"మా దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ బాగైంది" అని ప్రతి సెంటరూ అంటుంది. చూపించమంటే నాలుగు థాంక్స్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు.

డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, ఆందోళనకి జీఏడీ-7 చాలు. రెండూ ఉచితం, తెలుగులో ఉన్నాయి. స్కోరు మొదటిదానిలో 0 నుంచి 27, రెండోదానిలో 0 నుంచి 21, ఎక్కువ వస్తే సమస్య ఎక్కువని. మార్కెట్లో కొనాల్సిన ప్రశ్నావళులని జిరాక్స్ తీసి వాడకండి, తనిఖీలో దొరికిపోతారు, అసలు అది తప్పు కూడా.

చదవలేనివాళ్ళకి చదివి వినిపించండి, ప్రతిసారీ ఒకేలా వినిపించండి. మనవాళ్ళు "దిగులుగా ఉంది" అనరు, గుండె దడ, ఒళ్ళు నొప్పులు, నిద్ర పట్టట్లేదు అంటారు. అందుకని ఫారంలోని మాటని మీ ఊరి మాటలో వివరించడం పర్వాలేదుగానీ, జవాబుని మీరు ఊహించి టిక్కు పెట్టకూడదు.

అసలు కీలకం: ఫారం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కాదు, ప్రతి సెషన్‌లో నింపించాలి. ఎందుకో లెక్క చూడండి. కనీసం రెండు సెషన్లకి వచ్చినవాళ్ళు 30 మంది అనుకోండి. చివరిదాకా ఉన్నది 12 మంది, వాళ్ళలో 9 మందికి బాగైంది. 12కి 9 అంటే 75 శాతం అని గొప్పగా రాసుకోవచ్చు. మధ్యలో మానేసిన 18 మంది మాటేమిటి? ప్రతి సెషన్‌లో ఫారం ఉంటే వాళ్ళ ఆఖరి స్కోరు మీ దగ్గర ఉంటుంది. వాళ్ళలో 4 మందికి బాగైందని తేలితే మీ అసలు లెక్క 30కి 13, అంటే 43 శాతం. చిన్నబుచ్చుకోకండి, ఇలాగే ప్రతి సెషన్‌లో కొలిచే ఇంగ్లండ్ ప్రభుత్వ థెరపీ సేవలు ఏళ్ళ తరబడి పెట్టుకున్న లక్ష్యమే 50 శాతం.

"బాగైంది" అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోండి. ఆ ఇంగ్లండ్ సేవలవాళ్ళు పీహెచ్‌క్యూ-9లో 10, జీఏడీ-7లో 8 గీతగా పెట్టుకున్నారు, మొదట్లో ఏదో ఒకదానిలో గీత మీదో పైనో ఉన్న మనిషి చివరికి రెంటిలోనూ కిందకి రావాలి. పీహెచ్‌క్యూ-9లో 6, జీఏడీ-7లో 4 పాయింట్ల తేడా వస్తేనే నిజమైన మార్పుగా లెక్కిస్తారు, ఒకటి రెండు పాయింట్లు గాలివాటు.

ఇక్కడ థెరపిస్టులు మొహం చిట్లిస్తారు, మార్కులు వేస్తున్నారని. వాళ్ళ భయం న్యాయమైనదే. కష్టమైన కేసులు తీసుకునే మనిషి స్కోర్లు తక్కువే ఉంటాయి. పేర్లవారీగా పట్టిక గోడకెక్కించిన రోజున అందరూ తేలిక కేసులే తీసుకోవడం మొదలుపెడతారు. సెంటర్ మొత్తం లెక్కే చూపించండి, ఎవరి లెక్క వాళ్ళకి, వాళ్ళ సూపర్‌వైజర్‌కి మాత్రం ఇవ్వండి.

7. ఒకేసారి ఒక్కటే మార్చండి

మూడు ప్రశ్నలు: ఏది బాగుపడాలి, బాగుపడిందని ఎలా తెలుస్తుంది, ఏ మార్పు చేసి చూద్దాం. చిన్నగా చేసి చూడండి, ఒక థెరపిస్టు దగ్గర, రెండు వారాలు. చూశాక ఉంచాలా, మార్చాలా, పారేయాలా తేల్చండి. క్వాలిటీవాళ్ళు పీడీఎస్ఏ (ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్) అనేది దీన్నే.

మా దగ్గర మొదటి అపాయింట్‌మెంట్‌కి రానివాళ్ళు ఎక్కువ. ముందురోజు ఫోన్ చేయించాం. అందరూ "వస్తామండీ" అనేవారు, వచ్చేవారు కాదు, మొహం మీద రానని చెప్పడం మనకి అలవాటు లేదు కదా. ఫోన్ ఆపేసి మెసేజ్ పెట్టాం: "వీలవుతుందంటే 1, వేరే రోజు కావాలంటే 2 పంపండి." రెండు పంపడం మొహమాటం లేని పని. రానివాళ్ళ సంఖ్య పెద్దగా తగ్గలేదుగానీ ముందురోజే తెలిసిపోయేది, ఆ గంట వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి ఇచ్చేవాళ్ళం.

వారం వారం సంఖ్యని చుక్కగా పెట్టి గీత కలపండి, పది పన్నెండు వారాల చుక్కలకి మధ్యగతం (సంఖ్యలని వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) దగ్గర అడ్డగీత గీయండి. ఆ తర్వాత వరసగా ఆరు చుక్కలు గీతకి ఒకే పక్కన పడితే ఏదో నిజంగా మారినట్టు. ఒక వారం బాగుంటే సంబరపడొద్దు, సంక్రాంతి వారంలో ఎవరూ రాలేదని కంగారు పడొద్దు.

8. సూపర్‌విజన్

నెలకి ఒకసారైనా ప్రతి థెరపిస్టూ తన కేసుల గురించి అనుభవమున్న ఒకరితో మాట్లాడాలి. టీ తాగుతూ చెప్పుకోవడం లెక్కలోకి రాదు. తేదీ, ఎంతసేపు, ఏ సమస్య, ఏం తేల్చారు అని రెండు వాక్యాలు రాయండి, క్లయింట్ పేరు వద్దు. జీతాలు, సెలవులు చూసే ఓనరే సూపర్‌వైజర్ అయితే ఎవరూ తప్పులు చెప్పరు. ఊళ్ళో మనిషి దొరక్కపోతే వేరే ఊరి సీనియర్‌తో వీడియో కాల్‌లో పెట్టుకోండి.

9. తోటి సెంటర్‌వాళ్ళని పిలవండి

అసలు తనిఖీకి రెండు నెలల ముందు ఇంకో సెంటర్ నుంచి ఇద్దరిని ఒక రోజు పిలవండి, మీరు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఒకే వీధిలో పోటీ సెంటర్ వద్దు, విజయవాడవాళ్ళు రాజమండ్రివాళ్ళని, వరంగల్‌వాళ్ళు కరీంనగర్‌వాళ్ళని పిలుచుకోవచ్చు. బ్రిటన్‌లో ఈ బృందంలో థెరపీ తీసుకున్న మనిషి కూడా ఉంటారు. థెరపీ ముగిసి చాలాకాలమైన, ఇష్టపడి వచ్చే క్లయింట్ ఒకరు దొరికితే తప్పక కూర్చోబెట్టండి, మనం చూడనివి వాళ్ళే చూస్తారు.

□ పేర్లు, ఊళ్ళు తీసేసిన ఫైళ్ళే చూపించాలి.
□ పాలసీ చదవడం కాదు, "నిన్న ఇలా జరిగితే ఏం చేసేవారు?" అని రిసెప్షన్‌ని, ఆయాని అడగాలి.
□ సాయంత్రం వెళ్ళేముందు మూడు లోపాలు తప్పనిసరిగా చెప్పి వెళ్ళాలి. అంతా బాగుందని టిఫిన్ చేసి వెళ్ళిపోయేవాళ్ళు మీకు సాయం చేసినట్టు కాదు.

10. తనిఖీ రోజు, ఆ తర్వాత

ముందురోజు రాత్రి పాత తేదీలతో రిజిస్టర్లు నింపకండి. ఆరు నెలల సంతకాలు ఒకే పెన్నుతో ఒకే వాలులో ఉంటే చూసేవాళ్ళకి అర్థం కాదనుకోవద్దు. ఒక నెల రాయలేకపోతే "ఈ నెల జరగలేదు, కారణం ఇది, తర్వాత ఇలా సరిచేశాం" అని ఉంటే మంచి మార్కే పడుతుంది.

సిబ్బందిని బట్టీ పట్టించకండి. తెలియనిది అడిగితే "ఈ కాగితం చూసి చేస్తాను" అని చూపిస్తే చాలు.

లోపాలు రాసిస్తారు, నాన్-కన్ఫార్మిటీ అంటారు. ప్రతిదానికీ కారణం, చేసిన పని, సరైందనే రుజువు, తేదీ రాసి పంపాలి. "సిబ్బందికి శిక్షణ ఇచ్చాం" అని ప్రతిదానికీ అదే రాయకండి. తొమ్మిదో ప్రశ్న ఎవరూ చూడకపోవడం శిక్షణ లోపమా, లేక ఫారం తీసుకునే మనిషికీ చూసే మనిషికీ మధ్య దారి లేకపోవడమా? రెండోదైతే ఎంత శిక్షణ ఇచ్చినా మళ్ళీ జరుగుతుంది.

కమిటీ నిర్ణయాన్ని వాయిదా వేస్తే అది ఫెయిల్ కాదు, ఎర్ర కుప్పలో ఏదో మిగిలిందని అర్థం. అదొక్కటీ సరిచేసి పంపండి.

సర్టిఫికెట్ వచ్చిన నెల నుంచే క్యాలెండర్‌లో ఇవి వేసుకోండి: నెలనెలా సూపర్‌విజన్ రిజిస్టర్, చుక్కల గీత, మూడు నెలలకోసారి పది ఫైళ్ళు తీసి రిస్క్ రాశారో లేదో చూడడం, రిసెప్షన్ గాజు కింద ఉన్న మూడు ఫోన్ నంబర్లకి నిజంగా ఫోన్ చేసి ఎత్తుతున్నారో లేదో చూడడం, ఏడాదికోసారి ఆర్‌సీఐ గడువులు. ఆ ఫోన్ల సంగతి మొదటిసారి చేసినప్పుడు మా దగ్గర మూడింటిలో ఒకటి స్విచాఫ్, ఇంకొకటి సెంటర్ మానేసి వెళ్ళిపోయినావిడది.